జత దొరకని ప్రాస

ఆ ఫోటో నా ఫోన్‌కి వచ్చినప్పుడు ఉదయం ఏడు దాటింది. అనంతపురంలో మా వీధికి కొళాయి నీళ్ళు వచ్చే రోజు అది. బిందెలు వరసగా పెట్టి, ఒకటి నిండేలోగా ఫోన్ తీసి చూశాను. తమ్ముడు పంపాడు. నోటుపుస్తకంలోంచి చింపిన గీతల కాగితం, దాని మీద నీలం పెన్నుతో పది పంక్తులు. కింద ఒక్క మాట లేదు. 'అక్కా' అని కూడా లేదు.

మా తమ్ముడు నాకు ఎన్నడూ ఏదీ రాసి పంపినవాడు కాదు. ఏడో తరగతితో బడి మానేశాడు. వాడికి ఫోన్ మాట్లాడటానికే. ఎప్పుడైనా ఎద్దుల ఫోటో పంపేవాడు. కంబదూరు అవతల మా పల్లె. అక్కడ ఆరెకరాల మెట్ట చేను, రెండు ఎద్దులు, వాడు. ఎనిమిది నెలల కిందటి దాకా మరదలు ఉండేది. వాళ్ళకు పిల్లలు లేరు.

ఆ పది పంక్తులు ఇవి:

మబ్బుల నీడలు సేన్లో దిగినవి
మెల్లగ మెల్లగ
దిబ్బల రాళ్ళను దాటొస్తాండా
మెల్లగ మెల్లగ
ఎద్దుల కాళ్ళకు తెలుసీ దోవా
మెల్లగ మెల్లగ
పొద్దుకు ముందే పోవాలంటా
మెల్లగ మెల్లగ
గట్టున కొస్తిమి తిరిగే సోటూ
మెల్లగ

ఒకసారి చదివాను. బిందె నిండి నీళ్ళు పాదాల మీద పడుతున్నాయి. కొళాయి కట్టేయాలని తోచలేదు. రెండోసారి చదువుతూ 'పోవాలంటా' దగ్గర ఆగిపోయాను.

నేనెందుకు భయపడ్డానో చెప్పాలంటే మరదలి గురించి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళకు మా ఇంటికి వచ్చింది. నేను ఊరికి పోయినప్పుడల్లా చేతిలో ఉన్న పుస్తకం చూసి, దీంట్లో ఏముండాది వదినా అని అడిగేది ఆమె ఒక్కతే. చదువు రాదు. చెబితే వినేది, విన్నది గుర్తు పెట్టుకునేది. ఒక మోకాలు చిన్నప్పటి నుంచీ బాగాలేదు, కొంచెం ఎగుడుదిగుడుగా నడిచేది. తర్వాత మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి అనంతపురం రావాలి. ఏడాదికి పైగా ఆ రోజుల్లో నా ఇంట్లోనే ఉంది. చివరి వారాల్లో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, "వచ్చే యేడు ఇత్తనం ఎవురేస్తారు వదినా?" అని అడిగింది. అవన్నీ ఇప్పుడెందుకు, పడుకో అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

మా వాళ్ళలో దహనం లేదు. చేని గట్టు పక్కనే ఆమెను మట్టిలో పెట్టాం. తమ్ముడు ఏడవలేదు. దినాలు అయ్యాక నాతో వచ్చి ఉండమని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఫోన్ చేసినప్పుడల్లా తిన్నావా అంటే తిన్నా అనేవాడు, నిద్ర పట్టిందా అంటే పట్టె అనేవాడు. ఉగాది తర్వాత ఒకసారి మాత్రం తనంతట తాను ఒక మాట అన్నాడు. "ఈడ నాకింగేం పనుండాదక్కా."

ఆ మాట విన్నప్పటి నుంచి ప్రతి ఉదయం ఫోన్ చేయడం అలవాటు చేసుకున్నాను. గొంతు వినబడితే చాలు. మాట్లాడేది ఏమీ ఉండేది కాదు.

ఆ రోజు ఫోటో చూసి వెంటనే ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేశాను. పల్లెలో వాడి పక్కింటి ఆవిడకు చేశాను. ఆమె కూలికి పోయే మనిషి, వితంతువు. వాడి మీద ఒక కన్ను వేసి ఉంచమని నేనే ఆమెను బతిమాలుకున్నాను. మోగింది, ఎవరూ తీయలేదు. మూడుసార్లు మోగింది.

కళ్యాణదుర్గం బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది. ఆ ముప్పావుగంటలో నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. పెన్సిలు తీసుకుని ఆ పంక్తులను ఒక కాగితం మీదికి ఎత్తి రాసి మాత్రలు లెక్కపెట్టాను.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు పాఠం చెప్పాను, చివరి తొమ్మిదేళ్ళు గుత్తిలో. అలంకారాల పాఠం రెండు రోజుల్లో ముగించి, ఛందస్సు దగ్గర రెండు వారాలు ఉండేదాన్ని. పిల్లలకు అది నచ్చేది కాదు. నాకు మాత్రం పోలికల మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. లేని బాధను కూడా పోలికతో ఉన్నట్టు చూపవచ్చు. లెక్క అలా కాదు. పొట్టి అక్షరానికి ఒకటి, సాగే అక్షరానికి రెండు. రాసిన మనిషి దాచాలనుకున్నా, ఎక్కడ ఊపిరి తీశాడో, ఎక్కడ ఆగాడో ఆ లెక్క చెప్పేస్తుందని నేను పిల్లలకు చెప్పేదాన్ని. నేనూ నమ్మేదాన్ని.

మబ్బుల, నాలుగు. నీడలు, నాలుగు. సేన్లో, నాలుగు. దిగినవి, నాలుగు. పదహారు. రెండో పంక్తి ఎనిమిది మాత్రలకే ఆగిపోయింది. మిగతా ఎనిమిదీ లేవు. మళ్ళీ పదహారు, మళ్ళీ ఎనిమిది. ఎక్కడా ఒక్క మాత్ర తేడా లేదు. ఏడో తరగతి మనిషి ఇంత నికరంగా ఎలా రాశాడా అనుకున్నాను. యతి లేదు, దాని సంగతి వాడికి తెలియదు. నాలుగుసార్లు పంక్తి సగంలో ఆగింది, ఐదోసారి పావులోనే ఆగింది. మరదలి చివరి రాత్రుల ఊపిరి నాకు గుర్తొచ్చింది. పోలికలు వద్దనే మనిషిని, ఆ పోలికను వదిలించుకోలేకపోయాను.

'మెల్లగ' అన్న మాట తొమ్మిదిసార్లు ఉంది. ఎవరితో అంటున్నాడు? ఇంట్లో ఎవరూ లేరు. తొందరపడుతున్న మనిషి తనను తాను ఆపుకోవడానికి అనుకునే మాటలా ఉంది. ఎనిమిదిసార్లు అనుకున్నాడు. తొమ్మిదోసారి ఒక్కసారే అని ఊరుకున్నాడు.

తర్వాత ప్రాస చూశాను. పంక్తిలో రెండో అక్షరం కలవడం. మబ్బుకు దిబ్బ జత. ఎద్దుకు పొద్దు జత. గట్టుకు జత లేదు. రెండేసి పంక్తులు జతగా నడుస్తూ వచ్చి, చివర ఒకటి ఒంటరిగా నిలిచిపోయింది. పైగా అది గట్టు. మరదలు ఉన్న చోటు.

మిగతా పంక్తి రాయడం మరిచాడా, రాయలేకపోయాడా, రాయనవసరం లేదనుకున్నాడా? మూడోది తోచగానే కాగితం మడిచి సంచీలో పెట్టి బయటికి వచ్చాను. ఇంటికి తాళం వేశానో లేదో బస్సెక్కాక గుర్తు రాలేదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒక పనికి అలవాటు పడిన మనసు తన పని తాను చేసుకుపోతుంది, మనం వద్దన్నా ఆగదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఖాళీలు పూరించే అభ్యాసాలు ఇచ్చాను. ఇప్పుడు గట్టుకు జత కుదిరే మాటలు వాటంతటవే వస్తున్నాయి. మొదట చెట్టు. మా చేని మూలన వేపచెట్టు ఉంది, దాని అడ్డకొమ్మ మనిషెత్తున ఉంటుంది. తర్వాత మట్టి. తర్వాత కట్టె. తర్వాత కట్టు, తాడు కట్టడం. వేరే మాటలు లేవా అని వెతికాను. తట్ట ఉంది, బుట్ట ఉంది, రొట్టె ఉంది. వాటిని బలవంతంగా తెచ్చుకుని పంక్తిలో పెట్టబోతే నిలవలేదు. చెట్టు తనంతట తాను వచ్చి నిలబడింది.

కళ్యాణదుర్గంలో బస్సు మారాను. దారి పొడుగునా నేల ఎప్పటిలాగే ఎండి ఎర్రగా ఉంది. మృగశిర కార్తె దాటినా అనంతపురంలో చుక్క పడలేదు. మబ్బులు మాత్రం పది రోజులుగా వచ్చి పోతున్నాయి.

కంబదూరు దాటాక బస్సులో జనం కిటికీల వైపు వంగారు. రోడ్డు నల్లగా తడిసి ఉంది. పక్కన గుంతల్లో ఎర్రనీళ్ళు నిలిచాయి. కండక్టరు టికెట్లు చించుతూ, వానదేవుడు ఈ నాలుగు పల్లెలకే టికెట్టు తీసుకున్యాడప్పా, మా ఊరి స్టాపులో దిగమంటే దిగలేదు అన్నాడు. జనం నవ్వారు. తెల్లారుజామున బాగా కురిసిందని, రెండు మైళ్ళ అవతల పొడిగా ఉండాదని ఎవరో అంటున్నారు. ఆ మాటలన్నీ నా చెవిన పడ్డాయి. తడిసిన నేలను కళ్ళారా చూశాను. అయినా నాకు అందులోంచి ఏమీ తోచలేదు. నేను చెట్టు గురించే ఆలోచిస్తున్నాను.

ఇంటికి చేరేసరికి పదకొండు కావస్తోంది. తలుపుకు గొళ్ళెం వేసి ఉంది, తాళం లేదు. లోపల స్టవ్ మీద గిన్నె, గిన్నెలో తిని మిగిలిన సంగటి. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. మరదలు ఉన్నప్పుడు కూడా వాడు దుప్పటి మడత పెట్టినవాడు కాదు. గోడకున్న మేకు మీద ఎప్పుడూ వేలాడే పగ్గాల చుట్ట లేదు. అటక మీద పురుగుమందు డబ్బా ఉండేది. దుమ్ములో దాని అడుగు గుర్తు గుండ్రంగా మిగిలింది, డబ్బా లేదు.

ఆ రెండూ చూశాక నాకు ఇంకేమీ కనిపించలేదు. కొట్టంలో ఎద్దులు లేవన్నది చూశానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు. పక్కింటి తలుపు కొట్టాను. ఎవరూ లేరు. వీధిలో మనుషులే లేరు. ఇంత పొద్దెక్కి ఊరు ఊరంతా ఖాళీగా ఉందేమిటని కూడా అనుకోలేదు.

చేనికి పోయే దారిలో పాత బావి ఉంది. నీళ్ళు అడుగంటి ఇరవై ఏళ్ళు దాటింది. ముందు అక్కడికి పోయాను. నిలబడి చూడటానికి ధైర్యం చాలక, మోకాళ్ళ మీద కూర్చుని, ఒరకట్టు రాయి పట్టుకుని తల వంచాను. కళ్ళు మూసుకునే వంచాను. తెరవడానికి కొంతసేపు పట్టింది. అడుగున బండలు, ఒక చిరిగిన టైరు, తెల్లారి కురిసిన వాన మడుగు. పావురాలు లేచి ముఖం మీదుగా పోయాయి.

లేచి చేని వైపు నడిచాను. పరుగెత్తే వయసు కాదు, అయినా పరుగెత్తాను. బంకమట్టిలో ఒక చెప్పు ఉండిపోయింది. మలుపు తిరగగానే వేపచెట్టు కనిపించింది. అడ్డకొమ్మకు తెల్లచొక్కా వేలాడుతోంది.

దూరం నుంచి నాకు చొక్కా ఒక్కటే కనిపించింది. చొక్కాలో మనిషి ఉన్నాడా లేడా అన్నది తెలియడానికి ఇంకో యాభై అడుగులు నడవాలి. ఆ యాభై అడుగులు నడిచాను. గాలికి చొక్కా చేతులు విడివిడిగా ఊగాయి. ఖాళీ చొక్కా. కిందుగా రాయి మీద తువ్వాల, తువ్వాలలో ఫోన్, ఒక నీళ్ళ బిందె, పురుగుమందు డబ్బా. డబ్బా పక్కన గుడ్డ మీద వేరుశెనగ విత్తనాలు, వాటికి మందు పట్టించి ఆరబోసి ఉన్నాయి.

విత్తనాలను చూస్తూ అక్కడే కూలబడ్డాను. అప్పుడు వినబడింది.

చేను ఆ చివరి నుంచి మగగొంతు. పాట అనలేం, పిలుపూ కాదు. రెంటికీ మధ్యలో ఉంది. దిబ్బల రాళ్ళను దాటొస్తాండా. మెల్లగ మెల్లగ. తర్వాత ఏమీ లేదు. ఎద్దుల అడుగుల చప్పుడు, విత్తనం వేసే గొర్రు పళ్ళు తడిమట్టిని చీలుస్తున్న చప్పుడు. సరిగ్గా ఎనిమిది మాత్రలంతసేపు. మళ్ళీ గొంతు. ఎద్దుల కాళ్ళకు తెలుసీ దోవా. మెల్లగ మెల్లగ. మళ్ళీ ఎనిమిది మాత్రల ఖాళీ.

నా నోరు దానంతట అది తెరుచుకుంది. ఆ ఖాళీ ఏమిటో తెలిసింది. నలభై ఏళ్ళ కిందట ఆ ఖాళీలో నేనే నడిచాను.

మా ఇంట్లో విత్తనం ఇద్దరు వేసే పని. మగమనిషి పగ్గాలు పట్టి ఎద్దుల్ని నడిపిస్తాడు. ఆడమనిషి నడుముకు కట్టుకున్న ఒడిలో గింజలు పోసుకుని గొర్రు వెనక నడుస్తూ, గొర్రు మీదున్న చిన్న గిన్నె లాంటి జడ్డిగంలో పిడికిలితో గింజలు వదులుతుంది. ఎద్దులు తొందరపడితే గింజలు పలచగా పడతాయి, నెమ్మదిస్తే కుప్ప పడతాయి. అందుకని ముందున్న మనిషి ఒక మాట అంటాడు, వెనకున్న మనిషి జవాబిస్తుంది. ఆ జవాబు మీదనే గింజ వదలాలి. ముందు మాటలు ఎవరికి వారు కట్టుకున్నవి. నాయనవి వేరు, తమ్ముడివి వేరు. మోకాలి నొప్పి మనిషి వెనక వస్తుంటే వాడు 'మెల్లగ' అని కట్టుకున్నాడు. వెనక జవాబులు మాత్రం మారవు, అత్త నుంచి కోడలికి వస్తాయి. అమ్మకు ఒంట్లో బాగాలేని రెండేళ్ళు, నేను కాలేజీకి పోకముందు, నాయన వెనక ఆ జవాబులు నేనే చెప్పాను.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. వాన పడిన తెల్లారి నాయన అమ్మను రమ్మని పిలిచేవాడు కాదు. వాకిట్లో నిలబడి తన మాటలన్నీ ఒకసారి మొదటి నుంచి అనేవాడు. అమ్మ ఒడి బిగించుకుంటూ బయటికి వచ్చేది. అదే పిలుపు.

గొర్రు నా వైపు వచ్చింది. తమ్ముడు చొక్కా లేకుండా, నుదుటి మీద మట్టితో ఉన్నాడు. వెనక గింజలు వేస్తున్నది పక్కింటి ఆవిడే. నన్ను చూసి మొదట ఆమే ఆగింది.

"ఏమ్మా టీచరమ్మా, అట్లా వగరుస్తాండావు, ఎవురన్నా తరిమినారా?" అంది. తర్వాత తమ్ముడి వైపు గడ్డం చూపించి, "నేను గింజలేస్తాండా, ఈయప్ప గాలితో మాట్లాడతాండాడు. నడమ నడమ ఆగి నా మొగం సూస్తాడు. నాకేం తెలుసు, నేను ఈ ఇంటి కోడల్నా?" అని తన ఒడి విప్పడం మొదలుపెట్టింది. ఫోన్ ఇంట్లో పెట్టి వచ్చానని, వాన పడిన పొద్దు ఫోన్ ఎవరు మోస్తారని కూడా అంది.

తమ్ముడు ఎద్దుల్ని నిలిపాడు. "పొద్దున్నే పంపితి గదా. ఇప్పుడా వచ్చేది?"

ఒక్క మాట రాయకుండా పంపితే ఏమనుకోవాలని అడిగాను.

"ఇంగేం రాయాల? వాన పడె, పంపితి. నాయన అమ్మకేమన్నా జాబులు రాసినాడా?" అన్నాడు. రాత్రి నుంచి కరెంటు లేదని, ఫోటో పంపగానే ఫోన్ చచ్చిపోయిందని చెప్పాడు. తన వంతు మాటలు రాస్తే నాకు తెలుస్తుందనుకున్నాడు. అక్కా, వచ్చి ఇత్తనం వేయి అని రిటైరైన టీచర్ని నోటితో అడగడానికి మొగమాటం.

"మాకు వాన పడలేదురా," అన్నాను.

"పడల్యా?"

"చుక్క పడలేదు."

వాడు ఏదో అనబోయి నా మోకాళ్ళ వైపు చూశాడు. చీర మోకాళ్ళ దగ్గర ఎర్రమట్టి, దాని మీద బావి ఒరకట్టు పాత సున్నం అంటుకుని ఉంది. ఒక కాలికి చెప్పు లేదు. పక్కింటి ఆవిడ విప్పిన ఒడి నా చేతిలో పెట్టి, నీళ్ళు తాగి వస్తానని చెట్టు కిందికి పోయింది.

"బాయి కాడికి పోయినావా?" అన్నాడు.

నేను తల ఊపాను.

"నేనూ పోయింటి, ఒకసారి. ఉగాది అయినాక." ఎద్దు మెడ మీద వాలిన ఈగను తోలాడు. "కూసున్యా. ల్యాచి వచ్చినా. నీతో అబద్ధమెందుకు?"

నేను భయపడుతూ వచ్చింది ఆ మాటకే. ఇన్ని గంటలు భయపడింది లేనిదానికి కాదు. నా లెక్క తప్పు, నా భయం తప్పు కాదు. పంక్తుల్లో అది లేదు, వాడిలో ఉండింది. ఏ మాత్రల లెక్కా నాకది చెప్పలేదు. వాడు ఈగను తోలుతూ చెప్పాడు.

"ఇప్పుడో?" అన్నాను.

"ఇప్పుడు పదును పోతాది," అన్నాడు. "ఎండ సూడు ఎట్లుండాదో. ఒడి కట్టుకో."

పదును అంటే విత్తనం మొలవడానికి నేలలో ఉండాల్సిన తడి. మా నేలలో అది రెండు రోజులకు మించి నిలవదు. వాడు చెప్పిన జవాబు అంతే. ఒడి కట్టుకున్నాను.

చెప్పు లేని కాలు మట్టిలో దిగింది. మొదటి సాలులో నా చేయి చెడ్డగా పని చేసింది. ఒకచోట నాలుగు గింజలు, ఒకచోట ఏమీ లేదు. వాడు పంక్తి అన్నాడు. మెల్లగ మెల్లగ అన్నాడు. ఖాళీ వచ్చింది, నేను నోరు తెరవలేకపోయాను, ఎద్దులు ముందుకు పోయాయి. మళ్ళీ ఖాళీ వచ్చింది. ఏమిటా మాట, ఏమిటా మాట అని తలలో వెతుకుతున్నాను, దొరకడం లేదు. మూడో ఖాళీలో వెతకడం మానేసి పిడికిలి వైపు చూశాను. వేళ్ళు వదులయ్యాయి, గింజలు జారాయి, వాటితో పాటు మాట వచ్చింది.

"ఇడిసితి ఇడిసితి."

గింజ విడిచానని చెప్పడం. ఎనిమిది మాత్రలు. వాడి మాట ఆగిన చోట మొదలై, గింజలు జడ్డిగం కింది గొట్టంలోకి దిగేలోపు ముగిసింది. ముందు నడుస్తున్న వాడి వీపు ఒక్క క్షణం బిగిసింది. అడుగు ఆగలేదు. తర్వాతి పంక్తి అన్నాడు.

ఇడిసితి ఇడిసితి అంటూ నడిచాను. గట్టు దగ్గరవుతోంది. గట్టు పక్కన మరదలి మట్టి, దాని మీద వానకు తడిసిన నాలుగు రాళ్ళు. నాకు మళ్ళీ భయం పట్టుకుంది. ఈసారి వాడి గురించి కాదు. చివరి పంక్తి నాకు గుర్తు లేదు. బస్సులో పొద్దుటి నుంచి వెతికిన జత అదే. అది చెట్టు కాదని తెలుసు, మట్టి కాదని తెలుసు, ఏమిటన్నది తెలియదు. ఆ పంక్తి మరదలు ముప్పై ఏళ్ళు చెప్పింది. నేను చెప్పకపోతే వాడు ఆ గట్టు దగ్గర, ఆ రాళ్ళ ముందు, ఎద్దుల్ని నిలుపుకుని ఎదురుచూస్తాడు.

"గట్టున కొస్తిమి తిరిగే సోటూ," అన్నాడు వాడు. "మెల్లగ."

గొర్రు ఎత్తడానికి వంగాడు. అందుకే అక్కడ ఒక్కసారే అంటాడు. రెండోసారి అనడానికి ఊపిరి ఉండదు. నా చేతి నిండా గింజలున్నాయి. గట్టు మీద గింజ పడితే వృథా. నేనేమీ అనుకోకముందే పిడికిలి మూసుకుంది, అమ్మ నేర్పినట్టు బొటనవేలు లోపలికి పెట్టి. అది మూసుకున్నాక పంక్తి వచ్చింది.

"పట్టిన పిడికిలి ఇప్పను పోనీ."

గట్టుకు పట్టు. ఇంతే. గింజలు పారబోయను, నువ్వు ఎద్దుల్ని తిప్పు అని చెప్పడం. అమ్మ చెప్పింది అదే, మరదలు చెప్పింది అదే. నా గొంతు బాగాలేదు, మధ్యలో పగిలింది. పదహారు మాత్రలూ ఉన్నాయో లేదో నేను లెక్కపెట్టలేదు.

వాడు వెనక్కి చూడలేదు. వంగినవాడు వంగినట్టే కొంచెంసేపు ఉన్నాడు. మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు, చెమటో మరేదో. తర్వాత పగ్గం లాగాడు. ఎద్దులు ఆ నాలుగు రాళ్ళ పక్కగా తిరిగి, కొత్త సాలు వైపు ముఖం పెట్టాయి.

ఆ రోజు సగం చేను వేశాం, మరుసటి రోజు మిగతాది. నాలుగు రోజులు ఉండి వచ్చాను. వచ్చే ముందు పురుగుమందు డబ్బాలో మిగిలినది వాడు చూస్తుండగానే నా సంచీలో పెట్టుకున్నాను. వాడు అడ్డు చెప్పలేదు. బస్టాపు దాకా వచ్చి, ఇంటికి తాళమేసినావా ల్యాదా చూసుకో అన్నాడు. వేయలేదు. ఏమీ పోలేదు.

ఇప్పటికీ రోజూ ఫోన్ చేస్తాను. తిన్నావా అంటే తిన్నా అంటాడు. మొలక వచ్చిందని చెప్పాడు, నేను వేసిన మొదటి సాలు మాత్రం పళ్ళూడిన నోరులా ఉందని ఊరంతా నవ్వుతోందని చెప్పాడు. వాన మళ్ళీ పడలేదు. ఆకు మధ్యాహ్నానికి వాలిపోతోందట. అది చెప్పినప్పుడు వాడి గొంతు ఎలా ఉందో వినడానికి ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంటాను.

ఆ పది పంక్తులకు నా పెన్సిలు గీతలు ఇంకా ఉన్నాయి. ఖాళీల్లో జవాబులు రాద్దామని ఒకసారి కూర్చున్నాను, పెన్సిలు పక్కన పెట్టేశాను. రాసేస్తే పద్యం పూర్తవుతుంది. రాయకపోతే, ఏటా విత్తనాల వాన పడగానే నేను బస్సెక్కాల్సిందే.

ఫోన్‌లో మొదట కంబదూరు వైపు వాన పడిందో లేదో చూస్తాను. ఆ తర్వాతే వాడికి ఫోన్ చేస్తాను.